కరువింటికి చుట్టం

కష్టంలో వున్న దేశాన్ని చూడబోవటం న్యాయమా అనే ప్రశ్న పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. డబ్బున్నవాడు పోతాడు, లేనివాడు పోడు, ఇందులో నీతిశాస్త్రానికి పనేమున్నదని అడగవచ్చు. కాని ఆ దేశం క్యూబా అయినప్పుడు, పోదలచినవాళ్లు ఆ దేశం పేరు చెప్పి సగం జీవితం ఉపన్యాసాలిచ్చినవాళ్లయినప్పుడు, ప్రశ్న అంత తేలిగ్గా వదిలిపెట్టదు. మేము నలుగురం ఉపాధ్యాయులం. ఇద్దరం ఉద్యోగ విరమణ చేసినవాళ్లం. 2024 వేసవిలో హవానా ప్రయాణం తలపెట్టాము. డిసెంబరు 22 నాటికి అక్కడ వుండాలని మా కోరిక. ఆ తేదీయే ఎందుకో తర్వాత చెబుతాను. అక్టోబరు 18న అంతోనియో గితెరాస్ అనే పెద్ద థర్మల్ కేంద్రం ఆగిపోయింది. దానితో ద్వీపం మొత్తం మీద దీపాలు ఆరిపోయాయి. నవంబరులో తుపాను వచ్చి మళ్లీ ఆరిపోయాయి. మా ప్రయాణం నిలిచింది. ఆగింది ప్రయాణమే గాని వాదన కాదు. 2025 మార్చిలోను, సెప్టెంబరులోను ఆ దేశమంతా మళ్లీ చీకటైంది. మా నలుగురి మధ్య వాదన మాత్రం వేడెక్కుతూనే వచ్చింది. అందులో ముఖ్యమైన అంశాలను పాఠకుల ముందు పెట్టాలని ఈ ప్రయత్నం.

ప్రయాణాన్ని వ్యతిరేకించిన మిత్రుడు చరిత్ర చెప్పినవాడు. ఆయన వాదన చరిత్రతో మొదలు కాలేదు. "ఇంట్లో గింజ లేని రోజున చుట్టం దిగితే ఆ ఇల్లాలు ఏం చేస్తుంది మాస్టారూ? చేట పట్టుకుని పక్కింటికి పోతుంది. అప్పు తెచ్చి మనకు వడ్డిస్తుంది. మనం తిని, వంట బాగుందమ్మా అని మెచ్చుకుని వస్తాం. అంతేగదా మీరు చేయబోయేది?" అన్నాడు.

ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. మన భాషలోనే ఒకరింటికి పోవటానికి ఎన్నో పేర్లున్నాయి. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క ధర్మం వుంది. చుట్టపుచూపుగా పోయినవాడు రెండు పూటలుండి లేవాలి. పరామర్శకు పోయినవాడు ఆ ఇంట భోజనానికి కూర్చోడు. చావింటి నుంచి బయలుదేరేటప్పుడు వెళ్లొస్తానని అనడు. రోగిని చూడబోయినవాడు ఉత్త చేతులతో పోడు. తీర్థానికి పోయినవాడు దేవుణ్ణి చూసి వస్తాడు గాని పూజారి ఇంట్లో పొయ్యి రాజిందా లేదా అని విచారించడు. ఇక వేడుక చూడటానికి పోయేవాడికి ధర్మమంటూ ఏమీ లేదు, టిక్కెట్టు తప్ప. వామపక్షీయులు హవానాకు పోతే వీటిలో దేని కింద పోతున్నట్టు? మా వాదనలో నిజమైన చిక్కు ఇదేనని నాకు తోచింది. మనం పైకి పరామర్శ అంటాం, మనస్సులో తీర్థయాత్ర చేస్తాం, అక్కడి హోటలువాడి లెక్కలో వేడుకకు వచ్చినవాళ్లం.

ఈ హోటలు సంగతి కొంచెం వివరంగా చూడాలి. హవానాకు యాత్రికుల వ్యాపారం కొత్తదికాదు. బతీస్తా పాలన చివరి సంవత్సరాలలో ఆ నగరం అమెరికా ధనికులకు జూదశాల. 1946 డిసెంబరులో హోటల్ నాసియొనాల్‌లో అమెరికా మాఫియా నాయకులు సమావేశమైనారు. 1957 చివర సముద్రం ఒడ్డున రివియెరా హోటలును మేయర్ లాన్‌స్కీ అనే జూదపు వ్యాపారి తెరిచాడు. 1958లో హిల్టన్ కంపెనీ పేరుతో మరొక పెద్ద హోటలు లేచింది. 1959 జనవరిలో బతీస్తా పారిపోయాడని తెలియగానే జనం మొదట చేసిన పనులలో ఒకటి జూదశాలల యంత్రాలు పగలగొట్టడం. హిల్టన్ హోటలులో ఫిడెల్ కాస్ట్రో కొన్నాళ్లు మకాం పెట్టాడు. తర్వాత అది జాతీయమై హబానా లిబ్రే, అంటే స్వేచ్ఛా హవానా, అయింది. ఒక హోటలు పేరు మార్పులో ఒక యుగం మార్పు కనిపించిన రోజులవి.

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. చమురు రావటం తగ్గిపోయింది. చక్కెర కొనేవాడు లేకపోయాడు. నాలుగేళ్లలో దేశపు ఉత్పత్తిలో మూడో వంతుకు పైగా ఊడ్చుకుపోయింది. అప్పుడు ప్రభుత్వం మళ్లీ యాత్రికుల వైపు తిరిగింది. 1993లో ప్రజల దగ్గర డాలరు వుండటం నేరం కాదన్నది. విదేశీ కంపెనీల భాగస్వామ్యంతో హోటళ్లు లేచాయి. ఆ హోటళ్లలో బస చేయటానికి 2008 దాకా క్యూబన్లకే అనుమతి లేదు. జూదశాలలు పగలగొట్టిన విప్లవం తన పౌరుణ్ణి తన హోటలు గుమ్మం దగ్గర ఆపవలసి వచ్చిందంటే అది ఎవరి నేరమో చెప్పటానికి మనలో చాలామంది వెంటనే ఆంక్షల పేరెత్తుతారు. ఆంక్షల పాత్ర నిజమే. కాని గుమ్మం దగ్గర ఆగిన మనిషికి మన వివరణ వల్ల కడుపు నిండలేదు, మానం నిలవలేదు.

2018లో 45 లక్షలకు పైగా యాత్రికులు వచ్చిన దేశానికి 2024లో వచ్చినవారు అందులో సగం లేరు. అయినా గదులు కడుతూనే పోయారు. వెదాదో పేటలో 40 అంతస్తులు దాటిన హోటలు ఒకటి 2025 మొదట్లో తెరిచారు. చుట్టూ వున్న ఇళ్లలో గంటల తరబడి కరెంటు లేదు. ఆస్పత్రులకు, పొలాలకు పోవలసిన పెట్టుబడి ఖాళీ గదులలోకి పోయిందని ఆ దేశపు ఆర్థికవేత్తలే, అందులో సోషలిజాన్ని కోరేవాళ్లు కూడా, విమర్శించారు. ఈ విమర్శను శత్రువుల ప్రచారమని తోసిపారేసేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

ఉపాధ్యాయులుగా మమ్మల్ని ఎక్కువగా కలతపెట్టిన సంగతి మరొకటి వున్నది. 2023లో క్యూబా ప్రభుత్వోద్యోగి సగటు నెలజీతం 5 వేల పెసోలకు కొంచెం లోపు. 2024లో బ్యాంకు డాలరుకు 120 పెసోలు ఇచ్చేది. వీధిలో 300 దాటింది. 30 కోడిగుడ్ల అట్ట ఒకటి ఇంచుమించు 3 వేల పెసోలు. ఇప్పుడు నేను హవానాలో ఒక పూట టాక్సీ ఎక్కి, దిగేటప్పుడు మర్యాదకు 5 యూరోలు బక్షీసు ఇచ్చాననుకుందాం. వీధి ధరలో అది ఒక ఉపాధ్యాయుని నెలజీతంలో మూడో వంతు. ఆ టాక్సీ తోలే మనిషి నిన్నటిదాకా బడిలో గణితం చెప్పినవాడే కావచ్చు. ఇది నా ఊహాచిత్రం కాదు. 1990ల నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు తమ వృత్తి వదిలి యాత్రికుల వెంట నడిచారు. చదువుకున్నవాడు అడుగున, డాలరు తగిలినవాడు పైన. దీనిని అక్కడివాళ్లు తలకిందులైన పిరమిడ్ అన్నారు. 2024లో బడులు తెరిచేనాటికి 20 వేలకు మించి ఉపాధ్యాయుల కొరత వున్నదని ప్రభుత్వమే ఒప్పుకున్నది.

అంటే నా ఉదారబుద్ధి ఒక తరగతి గదిని ఖాళీ చేయటంలో భాగస్వామి అవుతున్నది. నేను చెడ్డవాణ్ణి కాను; టాక్సీవాడు చెడ్డవాడు కాడు; ఇద్దరి మధ్య మారిన నోటుకు మాత్రం మా ఇద్దరి మంచితనంతో నిమిత్తం లేని ఒక చలనం వుంది. సరుకుల సంబంధం మనుషుల సంబంధాన్ని ఎట్లా కప్పివేస్తుందో మార్క్స్ చెప్పింది మనం తరగతులలో ఎన్నోసార్లు వల్లె వేశాము. అది మన చేతి బక్షీసుకు కూడా వర్తిస్తుందని ఎందుకో తోచదు. వ్యక్తి సత్సంకల్పంతో మొదలై సత్సంకల్పంతో ముగిసే నీతిశాస్త్రం ఇక్కడ చాలదు. ఇవ్వకపోతే పిసినారితనం, ఇస్తే వక్రత. ఈ రెండింటి మధ్య నిలబడవలసిన మనిషికి కాంట్ దొర చేసే సహాయం తక్కువ.

చరిత్ర మాస్టారు ఇక్కడ గెలిచినట్టే కనిపించాడు. "అయితే మానుకోండి" అన్నాడు.

మానుకోవటం తటస్థత కాదనేది నా వాదన. 1960 ఏప్రిల్‌లో అమెరికా విదేశాంగ శాఖ అధికారి లెస్టర్ మాలరీ ఒక లోపలి నివేదిక రాశాడు. క్యూబాలో అత్యధికులు కాస్ట్రోను సమర్థిస్తున్నారని ఒప్పుకుంటూనే, డబ్బు, సరుకు అందకుండా చేసి, ఆకలిని, నిరాశను పుట్టించి ప్రభుత్వాన్ని పడగొట్టాలనేది దాని సారాంశం. తర్వాత ఇది బయటపడి అచ్చయింది. 1962 ఫిబ్రవరిలో కెన్నెడీ విధించిన పూర్తి ఆంక్షలు, 1996 నాటి హెల్మ్స్-బర్టన్ చట్టం ఆ దారిలోనివే. 1992 నుంచి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాదాపు ఏటా ఈ ఆంక్షలు ఎత్తివేయమని తీర్మానిస్తూ వచ్చింది. 2024లో అనుకూలంగా 187 దేశాలు, వ్యతిరేకంగా రెండే. మన దేశం అనుకూలంగానే చేయెత్తింది. అయితే బ్యాంకులు సర్వసభ్య సభకు కాక అమెరికా ఖజానాకు భయపడతాయి. 2021 జనవరిలో క్యూబాను ఉగ్రవాదాన్ని పోషించే దేశాల పట్టికలో మళ్లీ చేర్చాక ఈ భయం రెట్టింపైంది. "ఆ టిక్కెట్ల డబ్బు పంపించెయ్యరాదా" అని తేలిగ్గా అనేవాళ్లు ఒకసారి పంపి చూడాలి. డబ్బు పోయే కాలువలన్నిటికీ అడ్డుకట్ట వేసిన చోట మనిషి జేబు ఒక్కటే మిగిలిన సందు.

కాబట్టి యాత్రికుడు రాకపోవాలని కోరేవాళ్లు ఎవరో చూడాలి. మయామీలోని వలసనాయకులు కోరుతున్నారు. వాషింగ్టన్ కోరుతున్నది. సిగ్గుతో, సున్నితమైన మనస్సుతో, మనం కూడా అదే పని చేస్తే, మన సిగ్గు వేరు వాళ్ల కుట్ర వేరు అని మనకు తెలుసు గాని, గది అద్దెకిచ్చి బతికే వితంతువుకు తెలియదు. ఆమెకు గది ఖాళీ. మన మనస్సును శుభ్రంగా వుంచుకోవటానికి ఆమె ఒక నెల పస్తు ఖర్చు పెట్టాలా? మధ్యతరగతి నీతిలో ఈ దోషం పాతది. చేతులకు మసి అంటకుండా వుంటే చాలు, పొయ్యి వెలగకపోయినా పరవాలేదంటుంది.

కరువింటి చుట్టం ఉపమానం కూడా పూర్తిగా అతకదు. చేట పట్టుకుని పక్కింటికి పోయిన ఇల్లాలు అప్పు తెస్తుంది. ఇక్కడ పక్కింటివాడు అప్పివ్వనని, ఇంకెవ్వర్నీ ఇవ్వనివ్వనని బెదిరిస్తున్నాడు. చుట్టమే బియ్యం వెంట తెచ్చుకోగలిగితే మాట మారుతుంది. పరిహాసం ఏమిటంటే, హవానాలో దొరికే కోడిమాంసంలో చాలా భాగం అమెరికాదే. 2000లో చేసిన ఒక సడలింపు ప్రకారం ముందుగా రొక్కం చెల్లిస్తే అమ్ముతారు. అంటే నేను తినే కోడి ఇంకొకరి కంచంలోది కావచ్చు, లేదా నా రొక్కం రెండు కోళ్లను తీసుకురావచ్చు. ఏది జరుగుతుందనేది ఆ రొక్కం ఎవరి చేతిలో పడిందన్న దానిమీద ఆధారపడుతుంది. విదేశీ కంపెనీ నడిపే హోటలులో అన్నీ కలిపి ముందే చెల్లించినవాడి డబ్బు ఒక దారిన పోతుంది. 1997 నుంచి చట్టబద్ధంగా గదులు అద్దెకిస్తున్న ఇళ్లలో దిగినవాడి డబ్బు ఇంకొక దారిన, ఆ వీధిలోనే, రొట్టెవాడికి, చాకలికి, కొళాయి బాగుచేసేవాడికి పోతుంది. ఇందులోనూ అసమానత వుంది. అద్దెకివ్వటానికి గది వున్నవాడికే ఆ డబ్బు. నగరంలో మంచి ఇళ్లు ఎక్కువగా తెల్లవాళ్లవి కావటం వల్ల నల్లవాళ్లకు ఇందులో వాటా తక్కువ.

ఇక తీర్థయాత్ర విషయం. ఇది మన వామపక్షంలో పాత జబ్బు. 1960లో సార్త్ర్, బువా హవానాకు వెళ్లి, చే గువేరాతో అర్ధరాత్రి మాట్లాడి, పొంగిపోయి వచ్చారు. 1971లో పదీయా అనే కవిని అరెస్టు చేసి బహిరంగంగా ఆత్మవిమర్శ చదివించినప్పుడు నిరసన లేఖ మీద సంతకాలు చేశారు. సంతకం చేయటం సరైన పనే. నాకు తోచేదేమంటే, 1960లో వాళ్లు చూసింది క్యూబాను కాదు, తమ ఫ్రాన్సులో రాని విప్లవాన్ని. దేవుణ్ణి చూడబోయినవాడికి రాయి కనిపిస్తే కోపం వస్తుంది. 2021 జూలై 11న హవానాతో సహా పదుల కొద్దీ పట్టణాలలో జనం మందుల కోసం, కరెంటు కోసం, స్వేచ్ఛ కోసం వీధుల్లోకి వచ్చారు. వందల మందికి జైలుశిక్షలు పడ్డాయి. కొందరికి 20 ఏళ్లు దాటిన శిక్షలు. ఆ రోజున మన సభలలో జరిగిన తీర్మానాలలో ఆంక్షల గురించి పేజీలున్నాయి, ఆ కుర్రాళ్ల గురించి ఒక్క పంక్తి వున్న తీర్మానం నా కంటబడలేదు. ఇంటివాణ్ణి ప్రేమించే చుట్టం ఇంటివాడి పిల్లవాడు ఏడుస్తుంటే వినిపించనట్టు నటించడు. ఇక్కడ కూర్చుని ఓర్చుకోమని వాళ్లకు చెప్పే హక్కు మనకెక్కడిది? మన ఇంట్లో పంకా తిరుగుతూనే వున్నది.

సంఘీభావానికి వేరే రూపం మన దేశమే ఒకసారి చూపింది. 1992లో సుర్జీత్ పూనికతో దేశంలో జనం దగ్గర వసూలు చేసి 10 వేల టన్నుల గోధుమలు ఓడలో క్యూబాకు పంపారు. పంపినవాళ్లలో హవానాను కళ్ల చూసినవాళ్లు పదిమంది కూడా వుండరు. చూడకుండా ఇచ్చారు. మా మిత్రుడికి ఇది చివరి అస్త్రం. "అదిగో, అది సంఘీభావం. మీది విహారం" అన్నాడు.

దానికి నా దగ్గర వున్న సమాధానం వాదం కాదు, ఒక కోరిక. అందుకే ఆ డిసెంబరు 22 గురించి చెప్పాలి. 1961లో క్యూబా ఒక్క సంవత్సరంలో 7 లక్షల మందికి పైగా చదువు నేర్పింది. లక్షమంది దాకా పిల్లలు, చాలామంది ఇంకా హైస్కూలు దాటనివాళ్లు, ఊయల మంచం, వాచకం, చైనాలో తయారైన లాంతరు భుజాన వేసుకుని కొండలకు, పొలాలకు పోయారు. పగలు రైతుతో పని, రాత్రి లాంతరు కింద పాఠం. మొదటి పాఠంలో మూడు అచ్చులు: ఓ, ఏ, ఆ. అవి అమెరికా దేశాల సంస్థ పేరుకు స్పానిష్ పొడి అక్షరాలు. అచ్చులు నేర్పుతూనే రాజకీయం నేర్పారు. దాన్ని ఎవరూ దాచలేదు. కొన్‌రాదో బెనీతెస్ అనే 18 ఏళ్ల నల్లజాతి ఉపాధ్యాయుణ్ణి తిరుగుబాటు ముఠా చంపింది. ఆయన పేరే దళాలకు పెట్టారు. డిసెంబరు 22న నిరక్షరాస్యత లేని దేశంగా ప్రకటించుకున్నారు. నాటి నుంచి అది అక్కడ ఉపాధ్యాయ దినం. బతీస్తా సైనిక శిబిరం కొలంబియాను బడులుగా మార్చి స్వేచ్ఛానగరమని పేరు పెట్టారు. అందులో ఈ ఉద్యమానికి ఒక మ్యూజియం వుంది. కొత్తగా చదువు వచ్చినవాళ్లు ఫిడెల్‌కు రాసిన ఉత్తరాలు అక్కడ భద్రపరచారు.

మాలో ఇద్దరం 1991లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో పనిచేశాము. అక్కడా సాయంత్రం దీపం కింద ఆడవాళ్లు పలకలు పట్టారు. వాచకంలోని సీతమ్మ కథ చదివి దూబగుంటలో సారా దుకాణం మూయించారు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి రెండేళ్లకే పోయింది. మిగిలిందేమిటని ఎవరైనా అడిగితే, తమ పేరు తాము రాయటం నేర్చిన ఆ చేతులు నాకు గుర్తొస్తాయి. ఆ రకం చేతులు రాసిన ఉత్తరాలను, నాకు స్పానిష్ రాకపోయినా, ఆ వంకర అక్షరాల కోసం చూడాలని వుంది. ఇది విహారమైతే విహారమే. కాని గోధుమలు పంపినవాడు ఇచ్చేవాడుగా మిగిలిపోతాడు. అక్కడికి పోయి, నీవు ఇంత పని ఎట్లా చేశావు, ఇప్పుడు నీ బడిలో ఉపాధ్యాయుడు ఎందుకు లేడు అని రెండు ప్రశ్నలూ ఒకే నోటితో అడగగలిగినవాడు నేర్చుకునేవాడవుతాడు. దాతకంటే విద్యార్థికి ఇంటిగలవాడు ఎక్కువ నిజం చెబుతాడని నా అనుభవం.

ఇంతకూ సుమారు 15 వేల కిలోమీటర్ల దారి. తిన్నగా విమానం లేదు. మాడ్రిడ్ మీదుగానో, ఇస్తాంబుల్ మీదుగానో పోవాలనుకున్నాము. ఒక్కొక్కరికి అప్పట్లో రెండు లక్షలు దాటేది. హోటలు వద్దని, ఇంట్లో గది తీసుకుందామని అనుకున్నాము. 2021 జూలై నిరసనల తర్వాత ప్రయాణికులు తెచ్చే మందుల మీద, ఆహారం మీద సుంకం ఎత్తివేశారు గనుక సామానులో సగం మందులే. వాటిని దారిలో చేయి చాపినవాళ్లకు పంచటమా, ఆ వీధి కుటుంబ వైద్యుని చేతికివ్వటమా అన్నదానిపై పెద్ద చర్చ జరగలేదు, వైద్యునికే అనుకున్నాము. బక్షీసు మానం. అయితే టాక్సీలో తక్కువ తిరిగి, స్వేచ్ఛానగరం దాకా వాళ్లు ఎక్కే బస్సులోనే, వస్తే, పోదామన్నాడు లెక్కల మాస్టారు. బస్సు రావటానికి డీజిలు వుండాలి గదా అని ఎవరో అంటే ఆయన నడుద్దామన్నాడు.

చరిత్ర మాస్టారు మెత్తబడ్డాడని చెప్పలేను. వస్తే ఒక షరతు మీద వస్తానన్నాడు: క్యూలో నిలబడినవాళ్లను ఎవరూ ఫొటో తీయకూడదు. దానికి ముగ్గురం ఒప్పుకున్నాము. డబ్బు మార్చటం దగ్గర మళ్లీ తగాదా వచ్చింది. బ్యాంకులో మారిస్తే ప్రభుత్వానికి, అంటే కొంత చమురుకు, కొంత ఆ ఖాళీ హోటళ్లకు. వీధిలో మారిస్తే ఒక కుటుంబానికి, అంటే కొంత పాలకు, కొంత దేశం విడిచిపోయే కొడుకు టిక్కెట్టుకు. ఆయన బ్యాంకు అంటాడు. నేను వీధి అంటాను. లెక్కల మాస్టారు సగం సగం అన్నాడు గాని, అది లెక్కే గాని జవాబు కాదని ఇద్దరం ఆయన మీద పడ్డాము.